ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిపోతున్న పాత పికప్: ఈసీఎం మార్చక తప్పదా?

ప్రశ్న: బంగారుపాళ్యం నుంచి ఒక పికప్ యజమాని

అందరికీ నమస్కారం. నా బండి 2013 మోడల్ పికప్. నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్, కామన్ రైల్ పద్ధతి (ఎక్కువ పీడనంతో ఉన్న డీజిల్‌ను రైల్ అనే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ పంపేది), బీఎస్-3 పొగ ప్రమాణాల కాలం నాటిది. మామిడి కాలంలో తోటల నుంచి బంగారుపాళ్యం మార్కెట్‌కూ, అక్కడి నుంచి చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకూ తోతాపురి కాయ తోలుతాను. మిగతా నెలల్లో పలమనేరు వైపు పశువుల దాణా తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో టమోటా వేసుకొని వస్తాను. ఈ బండి మీదే ఇల్లు గడుస్తున్నందువల్ల విషయాన్ని వీలైనంత వివరంగా రాస్తున్నాను.

దాణా బస్తాలతో మొగిలి ఘాట్ ఎక్కుతూ, రెండో గేరులోనో మూడో గేరులోనో ఎక్సలేటర్ గట్టిగా తొక్కి ఉన్నప్పుడు, ఎవరో తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కోసారి ఇంజిన్ ఠక్కున ఆగిపోతోంది. మరికొన్నిసార్లు పూర్తిగా ఆగదు గానీ, ఎక్సలేటర్ ఎంత తొక్కినా వేగం పెరగకుండా ఇంజిన్ ఒకే స్థాయిలో తిరుగుతూ ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ చెక్ లైటు వెలుగుతుంది. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే వెంటనే స్టార్ట్ అవుతుంది. చల్లబడే దాకా వేచి ఉండాల్సిన పని లేదు. అయితే ఎత్తు మీద మళ్లీ ఎక్సలేటర్ తొక్కగానే పరిస్థితి మొదటికి వస్తుంది. చదునైన రోడ్డు మీద ఖాళీ బండితో ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. అదే ఘాట్ టమోటా లోడుతో దిగేటప్పుడు కూడా రాలేదు. షెడ్డులో గంటసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచి బాగా వేడెక్కించి చూసినా ఏమీ కాలేదు. వీటితో పాటు, ఉదయం పూట సెల్ఫ్ కాస్త బరువుగా తిరుగుతుంది, ఆ సమయంలో మీటర్ బోర్డు లైట్లు బాగా తగ్గిపోతాయి.

స్కానర్ పెట్టినప్పుడు పీ0192, పీ2122, పీ0562 అనే మూడు కోడ్‌లు వచ్చాయి. చూపించిన చోట మొదట క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరిగే వేగాన్ని పసిగట్టేది) మార్చారు, తరువాత రైల్ ప్రెషర్ సెన్సార్ (రైల్‌లో డీజిల్ పీడనాన్ని కొలిచేది) మార్చారు, ఆ తరువాత ఎక్సలేటర్ పెడల్ మొత్తం మార్చారు. చేతి చమురు వదిలిందే తప్ప ఫలితం లేదు. ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్ పెట్టె, పోయిందని, కొత్తది గానీ పాత బండి నుంచి తీసినది గానీ వేయాలని చెబుతున్నారు. ఆ ఖర్చు నాకు చాలా పెద్దది. ఈసీఎం నిజంగా పోయిందో లేదో డబ్బు పెట్టే ముందే తెలుసుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. నా దగ్గర ఒక డిజిటల్ మల్టీమీటర్ ఉంది, దాన్ని వాడటం వచ్చు.

మొదటి జవాబు: తిరుపతి నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియన్

నమస్కారం అండీ. ముందుగా ఒక మాట: ఈసీఎం మీద ఇప్పుడే పైసా పెట్టకండి. వేరే బండి నుంచి తీసిన ఈసీఎం అయితే అసలే వద్దు. పార్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి, చాలా ఇంజిన్లలో ఇంజెక్టర్ల (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగాల) మీద ముద్రించిన కోడ్‌లను కొత్త ఈసీఎంలోకి ఎక్కించాలి. ఇవి సరిగ్గా జరగకపోతే ఉన్న జబ్బుకు ఇంకొకటి తోడవుతుంది.

మీరు రాసిన వివరాల్లోనే చాలా జవాబు ఉంది. క్రాంక్ సెన్సార్ చెడిపోతే సాధారణంగా అది వేడికి చెడుతుంది. లోపలి తీగచుట్ట వేడెక్కినప్పుడు తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. అలాంటి బండి ఆగితే ఇరవై నిమిషాలో అరగంటో ఆగాక గానీ స్టార్ట్ కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంది. మీ బండి వెంటనే స్టార్ట్ అవుతోంది, షెడ్డులో ఎంత వేడెక్కినా ఆగలేదు. పైగా క్రాంక్ సెన్సార్‌కు సంబంధించిన పీ0335 కోడ్ మీ జాబితాలో లేనే లేదు. కాబట్టి ఆ సెన్సార్‌ను అనుమానించడానికి మొదటి నుంచీ ఆధారం లేదు.

మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు అందించే స్విచ్చు) గురించి కూడా అనుకోవచ్చు. పాత బండ్లలో రిలే లోపలి టంకం పగిలి ఈసీఎంకు కరెంటు తెగిపోవడం మామూలే. అయితే ఈసీఎంకే కరెంటు పోతే, దాని అదుపులో ఉండే చెక్ లైటు, స్కానర్‌తో సంబంధం కూడా మారిపోతాయి. తాళం ఆన్ చేసినప్పుడు లైటు మామూలుగా వెలిగి ఆరడం కనిపించదు. మీ బండి కొన్నిసార్లు ఆగకుండా వేగం మాత్రమే తగ్గించుకుంటోందంటే, ఈసీఎం బతికే ఉండి, ఏదో తప్పు గమనించి ఇంజిన్‌ను కాపాడే పద్ధతిలోకి తెస్తోందన్న మాట.

ఇప్పుడు కోడ్‌లు చూద్దాం. పీ0192 అంటే రైల్ ప్రెషర్ సెన్సార్ సిగ్నల్ ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందని అర్థం. పీ2122 అంటే ఎక్సలేటర్ పెడల్‌లోని రెండు సెన్సార్లలో ఒకదాని సిగ్నల్ తక్కువగా ఉందని అర్థం. కోడ్ అనేది సర్క్యూట్ పేరు చెబుతుందే గానీ, ఏ భాగం పోయిందో చెప్పదు. ఈసీఎం సెన్సార్లకు 5 వోల్టుల సరఫరా ఇస్తుంది, సెన్సార్ అందులో కొంత భాగాన్ని, సాధారణంగా అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య, సిగ్నల్‌గా తిరిగి పంపుతుంది. సిగ్నల్ ఆ హద్దులు దాటి సున్నా దగ్గరికి పడిపోయినా, 5 దగ్గరికి ఎగిసినా, అది పీడనంలో మార్పు కాదని, వైరింగ్‌లో తేడా అని ఈసీఎం నిర్ణయిస్తుంది.

ఇంజిన్ మీద ఉండే సెన్సార్‌కూ, క్యాబిన్‌లో ఉండే పెడల్‌కూ ఒకే సమయంలో తక్కువ సిగ్నల్ కోడ్ రావడం యాదృచ్ఛికం కాదు. రెండు సెన్సార్లు ఒకేసారి చెడిపోవు. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో చూడాలి, అది 5 వోల్టుల సరఫరా. ఆ తీగ ఎక్కడైనా బాడీకి తగిలితే ఈసీఎం తనను తాను కాపాడుకోవడానికి ఆ సరఫరాను కుంగదీస్తుంది, తగలడం ఆగగానే మళ్లీ నిలబెడుతుంది. అందుకే తాళం తిప్పగానే మీ బండి ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతోంది. పెడల్‌లో రెండు సెన్సార్లకు రెండు వేరు వేరు సరఫరాలు ఉంటాయి కాబట్టి ఒకదాని కోడ్ మాత్రమే వచ్చిందన్నది కూడా ఈ లెక్కకు సరిపోతోంది. సెన్సార్ల ఉమ్మడి ఎర్త్ తెగి ఉంటే దీనికి తలకిందులుగా, పీ0193, పీ2123 లాంటి ఎక్కువ సిగ్నల్ కోడ్‌లు వచ్చేవి. వచ్చిన కోడ్‌లు తక్కువ వైపా, ఎక్కువ వైపా అని గమనించడం ఒక్కటే సగం శ్రమ తగ్గిస్తుంది. దురదృష్టవశాత్తు చాలామంది కోడ్‌లోని సెన్సార్ పేరు చదివి అక్కడే ఆగిపోతారు.

మీరు చేయాల్సింది ఇది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, రైల్ ప్రెషర్ సెన్సార్ కప్లర్‌ను (తీగలు సెన్సార్‌కు కలిసే ప్లగ్గును) విప్పకుండా దాని వెనుక వైపు నుంచి సన్నటి పిన్ను జాగ్రత్తగా దూర్చి మూడు తీగలనూ కొలవండి. ఒకదానిలో 5 వోల్టులు, ఒకదానిలో దాదాపు సున్నా, మూడోదానిలో రైల్‌లో పీడనం పూర్తిగా దిగిపోయి ఉంటే సుమారు అర వోల్టు ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే ఆ మూడోది పెరుగుతుంది. 1800 బార్ (పీడనం కొలత) వరకు కొలిచే సెన్సార్ అయితే, 300 బార్ దగ్గర సుమారు 1.2 వోల్టులు చూపాలి. మీటర్‌ను 5 వోల్టుల తీగ మీద ఉంచి, వైరింగ్‌ను చోటు చోటా మెల్లగా కదిలించండి. ఎక్కడ కదిలిస్తే 5 వోల్టులు పడిపోతుందో సమస్య అక్కడే ఉంది. ఈ తీగల మీద టెస్ట్ బల్బు మాత్రం పెట్టకండి; బల్బు లాగే కరెంటును ఈసీఎం సరఫరా తట్టుకోలేదు. ఇంజెక్టర్ల తీగల జోలికి కూడా వెళ్లకండి, వాటిలో బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజి వస్తుంది.

రెండో జవాబు: చిత్తూరు నుంచి ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ బోధించే ఒకరు

పై మిత్రుడు చెప్పిన తర్కంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆయన మూడో కోడ్‌ను పట్టించుకోలేదు. పీ0562 అంటే బండి మొత్తం మీద వోల్టేజి తక్కువగా ఉందని ఈసీఎం నమోదు చేసింది. ఉదయం సెల్ఫ్ బరువుగా తిరగడం, లైట్లు తగ్గడం దానికి సాక్ష్యం. ఇది వేరే సమస్య కావచ్చు, దానితో ముడిపడినదీ కావచ్చు. ఏదైనా సరే, ముందుగా దీన్ని సరిచేయనిదే సెన్సార్ల కొలతలను నమ్మలేము. మా విద్యార్థులకు నేను మొదటి వారంలోనే చెప్పే విషయం, బ్యాటరీ, ఎర్త్, ఛార్జింగ్ సరిగ్గా ఉన్నాయని కొలిచి తేల్చుకున్న తరువాతే సెన్సార్ వైపు చూడాలని.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.0 చూపిస్తే అది దాదాపు ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అదే సమయంలో మీటర్‌ను ఏసీ వోల్టుల మీదకు మార్చి బ్యాటరీ మీద పెట్టి చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఆల్టర్నేటర్‌లో (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రంలో) డయోడ్ పోయిందని అనుమానించాలి. అలాంటి ఆల్టర్నేటర్ ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు చూపిస్తూనే సెన్సార్ల సిగ్నళ్లను కలుషితం చేస్తుంది.

అసలు ముఖ్యమైనది ఎర్త్. మీటర్ ఎర్ర తీగను ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రంగా గీకిన లోహానికి, నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ సీసపు టెర్మినల్ మీదనే, అంటే క్లాంపు మీద కాకుండా, పెట్టి, వేరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటర్ 0.2, మహా అయితే 0.3 వోల్టుల లోపే చూపాలి. డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ కొట్టేటప్పుడు వందల ఆంపియర్లు పారుతాయి. 300 ఆంపియర్ల దగ్గర ఒక ఓమ్‌లో వెయ్యో వంతు నిరోధం ఉన్నా 0.3 వోల్టులు అక్కడే పోతాయి. ఇంత చిన్న నిరోధాన్ని మీటర్‌లోని ఓమ్స్ సెట్టింగ్ ఎన్నటికీ చూపలేదు. ఎర్త్ తీగను ఓమ్స్‌లో కొలిచి బాగానే ఉందని వదిలేయడం మన షెడ్డుల్లో అడుగడుగునా కనిపించే పొరపాటు. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

అదనపు హారన్, పాటల పెట్టె, ఎల్‌ఈడీ లైట్లు బిగించి ఉంటే వాటి ఎర్త్ ఎక్కడ ఇచ్చారో కూడా చూడండి. ఇంజిన్ ఎర్త్ బోల్టు కిందే నాలుగైదు రింగులు ఒకదాని మీద ఒకటి బిగించిన బండ్లు చాలా చూశాను. ఆ రింగుల మధ్య తేమ చేరి పచ్చటి తుప్పు పడుతుంది.

మూడో జవాబు: భాకరాపేట నుంచి ఒక పికప్ డ్రైవర్

నేను ఎలక్ట్రీషియన్‌ను కాను. మదనపల్లె నుంచి తిరుపతికి టమోటా తోలుతూ ఘాట్ మీద తిరిగేవాడిని. ఎత్తు మీద ఇంజిన్ లాగకపోతే డీజిల్ ఫిల్టర్ చూడటం మా అందరికీ మొదటి అలవాటు. ఫిల్టర్ మూసుకుపోయినా, దానిలో నీళ్లు చేరినా లోడు మీదే బయటపడుతుంది. ఎలక్ట్రికల్ పనికి దిగే ముందు ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలించి చూడండి, మార్చి చాలా కాలమైతే మార్చండి. వైరింగ్ కోసం చూసేవాళ్లు దీన్ని మరిచిపోకూడదని రాస్తున్నాను.

తిరుపతి ఎలక్ట్రీషియన్:

మీ మాట సబబే, ఫిల్టర్ మార్చడం వల్ల నష్టమేమీ లేదు. కానీ డీజిల్ అందకపోతే రైల్‌లో పీడనం తగ్గిందని పీ0087 రావాలి. ఆ కోడ్ పీడనం నిజంగా తగ్గినప్పుడు వస్తుంది, పీ0192 సిగ్నల్ విద్యుత్ హద్దు దాటినప్పుడు వస్తుంది. ఈ తేడా చాలా ముఖ్యం. ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి: అనుమానం తీర్చుకోవడానికని ఇంజిన్ నడుస్తుండగా పంపు నుంచి రైల్‌కు, రైల్ నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప గొట్టాల నట్టు ఎవరూ వదులు చేయకూడదు. పాత డీజిల్ ఇంజిన్లలో గాలి తీయడానికి అలా చేసేవారు. కామన్ రైల్‌లో వందల బార్‌ల పీడనంతో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పికప్ యజమాని:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ వరుసగా చేశాను. ఫిల్టర్‌లో నీళ్లు లేవు, అయినా కొత్తది వేశాను. ఉదయం బ్యాటరీ 12.5 చూపింది, ఇంజిన్ నడుస్తుంటే ఛార్జింగ్ 14.1, ఏసీ మీద దాదాపు ఏమీ లేదు. కానీ ఐటీఐ అయ్యగారు చెప్పినట్టు సెల్ఫ్ కొడుతూ ఎర్త్ కొలిస్తే 0.8 వోల్టులు వచ్చింది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీని విప్పి చూస్తే, బోల్టు దగ్గర సగానికి పైగా తీగలు తెగి, మిగిలినవి పచ్చబడి ఉన్నాయి. ఎల్‌ఈడీ లైట్ల ఎర్త్ కూడా అదే బోల్టు కింద ఉంది. కొత్త పట్టీ వేసి, లోహం మెరిసే దాకా గీకి బిగించి, లైట్ల ఎర్త్‌ను వేరే చోటికి మార్చాను. ఇప్పుడు 0.15 చూపుతోంది, సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, పీ0562 మళ్లీ రాలేదు.

అయితే ఘాట్ మీద ఆగడం మాత్రం తగ్గలేదు. ఈసారి పీ0192, పీ2122 రెండే వచ్చాయి. రైల్ సెన్సార్ దగ్గర 5 వోల్టులు కచ్చితంగా ఉన్నాయి. వైరింగ్‌ను చేతికి అందినంత మేర కదిలించాను, మీటర్ అంకె చలించలేదు. అయితే ఈసీఎం లోపలే 5 వోల్టులు పడిపోతున్నాయేమోనని మళ్లీ భయం పట్టుకుంది.

తిరుపతి ఎలక్ట్రీషియన్:

భయపడకండి. ఎర్త్ సమస్య వేరుగా ఉండిందని, అది తీరిందని ఇప్పుడు తేలింది, మిగిలింది ఒకటే. మీ మొదటి వివరణను నేను మళ్లీ చదివాను. లోడుతో ఎక్కేటప్పుడు వస్తోంది, లోడుతోనే దిగేటప్పుడు రావడం లేదు. వేడి రెండు వైపులా ఉంది, గుంతల కుదుపులూ రెండు వైపులా ఉన్నాయి, బరువూ రెండు వైపులా ఉంది. తేడా ఒక్కటే, ఇంజిన్ పడే శ్రమ. ఎక్కేటప్పుడు ఇంజిన్ చక్రాలను తిప్పుతుంది, కాబట్టి దాని ప్రతిచర్యగా ఇంజిన్ తన రబ్బరు మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది. ఎక్సలేటర్ వదిలి ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగేటప్పుడు రెండో పక్కకు ఒరుగుతుంది. పదేళ్లు దాటిన బండిలో మౌంటింగ్ రబ్బరు చితికిపోయి ఉంటే ఈ ఒరుగుడు మామూలు కంటే బాగా ఎక్కువవుతుంది. అప్పుడు ఇంజిన్‌తో పాటు కదిలే వైరింగ్ ఎక్కడో లాగబడుతోంది, లేదా ఏదో ఇనుప అంచుకు ఒత్తుకుంటోంది. బండి నిలబడి ఉండగా చేత్తో కదిలిస్తే అది దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే మీ చెయ్యి ఇంజిన్‌ను ఒరగనివ్వలేదు.

దీన్ని నిలబడిన చోటే పరీక్షించవచ్చు, కానీ చాలా జాగ్రత్తగా చేయాలి. బండిని సమతలం మీద నిలిపి, నాలుగు చక్రాలకూ ముందూ వెనుకా రాళ్లు గానీ చెక్క దిమ్మెలు గానీ పెట్టి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. బానెట్ ఎత్తి, మీటర్‌ను 5 వోల్టుల తీగ మీద పెట్టి, ఆ తీగలను క్యాబిన్ పక్కకు తెచ్చుకోండి. అనుభవం ఉన్న డ్రైవర్ సీట్లో కూర్చొని, బ్రేకు తొక్కి ఉంచి, రెండో గేరు వేసి, ఇంజిన్ గుంజుతున్నట్టు తెలిసే వరకు మాత్రమే క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఒకటి రెండు క్షణాలకు మించి పట్టుకోకూడదు. బండికి ముందు గానీ వెనుక గానీ ఎవరూ నిలబడకూడదు. చూసేవారు పక్క నుంచి ఇంజిన్ ఎంత లేస్తోందో గమనించాలి. తరువాత రివర్స్ గేరులో అదే చేయండి. ముందు గేరులో 5 వోల్టులు పడిపోయి, రివర్స్‌లో పడకపోతే ఇక సందేహం అక్కర్లేదు.

అలా పడిపోతే, అదే సరఫరా మీద ఉన్న సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ చూడాలి. ఈ తరం ఇంజిన్లలో రైల్ సెన్సార్‌తో పాటు ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే) వైపు ఉండే, టర్బో గాలి పీడనాన్ని కొలిచే బూస్ట్ ప్రెషర్ సెన్సార్ కూడా తరచుగా అదే సరఫరా మీద ఉంటుంది. దాని వైరింగ్ పాయ చాలా బండ్లలో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టం పక్క నుంచి పోతుంది. నేనైతే ముందు అక్కడే చూస్తాను. అన్ని సెన్సార్లూ విప్పి, వైరింగ్ కప్లర్‌ను ఈసీఎం నుంచి కూడా విప్పి, ఆ 5 వోల్టుల తీగకూ బాడీకీ మధ్య ఎక్కడా కలయిక లేదని తేలిన తరువాత కూడా ఈసీఎం 5 వోల్టులు ఇవ్వలేకపోతేనే దాన్ని అనుమానించాలి.

పికప్ యజమాని:

దొరికింది అండీ. మా ఊరి సీనియర్ డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి పరీక్ష చేశాము. రెండో గేరులో క్లచ్ వదులుతుండగా ఇంజిన్ ఒక పక్క లేచింది, ఆ క్షణంలోనే మీటర్ 5.0 నుంచి 0.3కు పడిపోయి, చెక్ లైటు వెలిగి, ఇంజిన్ ఆగింది. రివర్స్‌లో అంకె కదలలేదు. బూస్ట్ సెన్సార్ వైపు వెళ్లే వైరింగ్ పాయను పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి పోయి ఉంది. ఆ పాయ కిందికి జారి, ఇంటర్‌కూలర్ గొట్టాన్ని పట్టే ఇనుప బ్రాకెట్ అంచు మీద ఆనుకొని ఉంది. పైన చుట్టిన ముడతల గొట్టం చూడటానికి బాగానే ఉంది, కానీ తిప్పి చూస్తే కింది వైపు అరిగి, మూడు తీగల్లో ఒకదాని తొడుగు పోయి, బియ్యపు గింజంత మేర రాగి మెరుస్తూ కనిపించింది. బ్రాకెట్ అంచు మీద కూడా సరిగ్గా అంతే మేర రంగు పోయి ఉంది. ఆ పక్క ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు లోహం నుంచి విడిపోయి ఉంది.

ప్రస్తుతానికి పాయను పైకి ఎత్తి తాడుతో కట్టి, తీగకు టేపు చుట్టాను. పరీక్ష మళ్లీ చేస్తే 5 వోల్టులు కదలలేదు. దీన్ని శాశ్వతంగా ఎలా బాగు చేయాలో చెప్పండి. తీసేసిన పాత సెన్సార్లు, పాత పెడల్ నా దగ్గరే ఉన్నాయి, అవి పనికొస్తాయా?

చిత్తూరు ఐటీఐ బోధకుడు:

చాలా సంతోషం. పాత సెన్సార్లు పోలేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు, వాటిని శుభ్రం చేసి, కప్లర్ మూతులకు కవర్ కట్టి, విడిభాగాలుగా దాచుకోండి.

మామూలు పీవీసీ టేపును ఇంజిన్ దగ్గర నమ్మవద్దు. వేడికి దాని జిగురు కరిగి, నూనె తగిలి, కొంత కాలానికి జారిపోతుంది. రాగి కనిపిస్తున్న చోట తీగపోగులు ఒక్కటి కూడా తెగకుండా ఉంటే, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టాన్ని కప్లర్ పిన్ను వైపు నుంచి ఎక్కించి వేడి చేస్తే సరిపోతుంది. కొన్ని పోగులు తెగి ఉంటే ఆ ముక్క కత్తిరించి, అదే మందం గల కొత్త తీగను క్రింప్ స్లీవ్‌తో నొక్కి కలిపి, దాని మీద హీట్ ష్రింక్ వేయాలి. టంకం పెట్టడం తప్పు కాదు గానీ, కదిలే వైరింగ్‌లో టంకం పారిన చోట తీగ బిరుసెక్కి, సరిగ్గా దాని అంచు దగ్గర విరుగుతుంది. అందుకే అతుకును కదలని చోట వచ్చేలా చూసుకోవాలి. మూడు తీగలకూ అతుకులు వేయాల్సి వస్తే ఒకే వరుసలో కాకుండా ముందు వెనుకగా వేయండి. చివరగా వైరింగ్ కోసం దొరికే గుడ్డ టేపు చుట్టి, ముడతల గొట్టం కొత్తది తొడగాలి.

మౌంటింగులు ఒక్క పక్క మాత్రమే మార్చకండి, రెండూ మార్చండి. ఒకటి కొత్తగా, ఒకటి చితికినదిగా ఉంటే ఇంజిన్ వంకరగా కూర్చొని కొత్తది కూడా త్వరగా పోతుంది. మౌంటింగులు మార్చాక ఇంజిన్ ఎత్తు మారుతుంది కాబట్టి, వైరింగ్ పాయను ఆ తరువాతే క్లిప్పులతో కట్టాలి. పాయకు బిగువు లేకుండా, ఇంజిన్ రెండు పక్కలకూ ఒరిగినా ఏ ఇనుముకూ తగలనంత సందు వదిలి కట్టండి. ఆ బ్రాకెట్ అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీసి రంగు వేయండి. అదే రకం క్లిప్పులు బండిలో మిగతా చోట్ల కూడా ఎండకు పెళుసెక్కి ఉంటాయి, క్రాంక్ సెన్సార్ వైపు వెళ్లే పాయను తప్పకుండా చూడండి.

మామిడి కాలానికి ముందు ట్రక్కు బాడీకి వెల్డింగు పని చేయించే అలవాటు ఉంటే, వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి, వెల్డింగు ఎర్త్‌ను పని జరిగే చోటికి దగ్గరగా పెట్టించండి. ఇప్పుడు బతికి బయటపడిన ఈసీఎం నిజంగా పోవాలంటే అదొక దారి. నీళ్ల ప్రెషర్‌తో ఇంజిన్ కడిగించేటప్పుడు కూడా కప్లర్ల మీద నేరుగా కొట్టనివ్వకండి.

పని అంతా అయ్యాక కోడ్‌లు చెరిపేసి, అదే దాణా బరువుతో మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరులో దిగగానే మళ్లీ స్కానర్ పెట్టి చూడండి. చెక్ లైటు వెలగకపోయినా లోపల తాత్కాలిక కోడ్ నమోదై ఉండవచ్చు. పీ0192 గానీ పీ2122 గానీ అందులో కనిపిస్తే, అదే సరఫరా మీద ఉన్న ఇంకొక పాయ కూడా ఎక్కడో ఒత్తుకుంటోందని అర్థం. అప్పుడు క్లచ్ పరీక్షను బూస్ట్ సెన్సార్ కప్లర్ విప్పి మళ్లీ చేసి, వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి.